మెల్లకన్నూ, ఆగని నెత్తురూ

మెల్లకన్ను అదృష్టమని మన పెద్దలు అనేవారు. 1840లో లండను నగరంలో 11 ఏళ్ళ బాలుడొకనికి ఆ మెల్లకన్నే ప్రాణాలమీదికి తెచ్చింది.

కనుగుడ్డును లాగే కండరాన్ని కోసి చూపును సరిచేయవచ్చునని బెర్లినులో డీఫెన్‌బాఖ్ 1839 అక్టోబరులో నిరూపించాడు. మరుసటి ఏడాదికే ఆ చికిత్స ఐరోపా అంతటా వేలంవెర్రి అయింది. మత్తుమందు ఇంకా రాలేదు. శామ్యూల్ ఆర్మ్‌స్ట్రాంగ్ లేన్ అనే శస్త్రవైద్యుడు ఈ బాలుని కంటికి అదే చేశాడు. చిన్న గాటే, కాని నెత్తురు ఆగలేదు. రోజులు గడిచినా ఆగలేదు. పిల్లవాడు కొనప్రాణంతో మిగిలాడు.

అప్పుడు లేన్, బాలింతల రక్తస్రావానికి మనిషి నెత్తురునే ఎక్కించి చూసిన జేమ్స్ బ్లండెల్ సలహా కోరాడు. ఆరోగ్యవంతురాలైన ఒక యువతి నెత్తురును గరాటులో పట్టి, పిచికారీతో బాలుని నరంలోకి పంపాడు. స్రావం ఆగింది, పిల్లవాడు బ్రతికాడు. ఆ వృత్తాంతం అదే ఏడు లాన్సెట్ పత్రికలో వెలువడింది.

పోయిన నెత్తురును పూరించామనే వారు తలచారు. నిజానికి ఆ బాలునికి కొరవడినది నెత్తురు గడ్డకట్టడానికి కావలసిన పదార్థం; యువతి నెత్తురుతో అది కొద్దిగా అందింది. ఇద్దరి రక్తమూ పొసగడం కేవలం దైవికం. రక్తవర్గాల సంగతి లాండ్‌స్టైనర్ 1901లో గాని తేల్చలేదు.

ఈ వ్యాధికి 'హీమోఫీలియా' అని పేరు. గ్రీకు ధాతువులను బట్టి 'రక్తప్రీతి' అని అర్థం. ఇంత అనుచితమైన నామకరణం మన నిఘంటువుల్లో వెదికినా దొరకదు! తల్లుల ద్వారా కొడుకులకు సంక్రమించే ఈ నెత్తురు జబ్బును ఫిలడెల్ఫియా వైద్యుడు ఆటో 1803లోనే వర్ణించాడు. కత్తి పట్టేముందు ఇంటివారిని నాలుగు ప్రశ్నలు అడగడానికి ఆ వ్యాసం చాలునని నా అభిప్రాయం.

లేన్ చూపిన దారి వాడుకలోకి రాలేదు. అదే 1840లో వివాహమాడిన విక్టోరియా రాణికి పుట్టిన లియోపోల్డు రాకుమారునిదీ ఈ జబ్బే. 1884లో కాలు జారిపడి మరణించాడు. ప్లాస్మాలోని ఆ పదార్థం 1937లో బోస్టనులో బయటపడింది. దానిని గడ్డకట్టించి వేరుచేసే సులభమార్గాన్ని జూడిత్ పూల్ 1960లలో కనుగొన్నది.

నేడు హీమోఫీలియా ఉన్న పిల్లవాని కంటికి బంతి తగిలితే, ముందు ఆ పదార్థాన్ని ఎక్కించి, తరువాతనే స్కానింగుకు పంపుతారు. కనుగూటిలో నెత్తురు నిండితే దృష్టినాడి నలిగిపోతుంది. చూపు దక్కించుకోవడానికి మిగిలేది ఒకటి రెండు గంటలే.