గాలికి వేడి తగిలాక

హుగ్లీ ఒడ్డున, కోల్‌కతాకు ఎగువన ఉన్న సాహాగంజ్‌లో 1936లో డన్‌లప్ కంపెనీ టైర్ల ఫ్యాక్టరీ పెట్టింది. దేశంలో తొలి టైర్ల ఫ్యాక్టరీగా దానికి పేరు. 2011లో అది మూతపడింది. టైర్ల తయారీ పోయాక ఆ వైపుకు కార్ల రేసు వచ్చింది: 2024లో ఇండియన్ రేసింగ్ లీగ్‌లోకి సౌరవ్ గంగూలీ యజమానిగా కోల్‌కతా రాయల్ టైగర్స్ జట్టు వచ్చింది. కోల్‌కతాకు జట్టయితే ఉంది కానీ సొంత రేస్ ట్రాక్ లేదు. ఉన్నవి చెన్నై, కోయంబత్తూరు, నోయిడా వైపు. అందుకే అక్కడి కుర్రాళ్లలో రేసింగ్ మీద మనసుపడ్డవాళ్లకు టైరు పాఠం చెప్పేది కంప్యూటర్ రేసింగ్ ఆట కోసం టేబుల్‌కు బిగించిన స్టీరింగే. ఆ పాఠం కంప్యూటర్‌లోకి ఎలా చేరిందన్నదే నాకు ఇష్టమైన కథ.

ముందు అసలు పాఠమేంటో చూద్దాం. దాబా దగ్గర ఆగగానే లారీ డ్రైవర్లు టైరు మీద చెయ్యి పెట్టి చూస్తారు. తిరుగుతున్నంతసేపూ రబ్బరు నలుగుతుంది, నలిగిన రబ్బరు వేడెక్కుతుంది, ఆ వేడికి లోపలి గాలి ఒత్తిడి పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర 20 పీఎస్‌ఐ ఒత్తిడికి గాలి కొట్టిన టైరు 85 డిగ్రీలకు చేరేసరికి దాదాపు 27 చూపిస్తుంది. గాలి తక్కువైతే పక్కగోడలు మరీ ఎక్కువ నలిగి టైరు కాగిపోతుంది. ఎక్కువైతే మధ్యభాగం ఉబ్బి, రోడ్డును పట్టుకునే మేర తగ్గుతుంది.

1987లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన హాన్స్ పసేయ్కా బృందం, వోల్వో కంపెనీతో కలిసి, టైరు ఎంత జారితే ఎంత పట్టు ఇస్తుందో చెప్పే సూత్రాన్ని ప్రచురించింది. మ్యాజిక్ ఫార్ములాగా పేరుపడ్డ ఆ సూత్రం ఎన్నో రేసింగ్ ఆటలకు ఆధారమైంది. కానీ అందులో వేడి ఊసు లేదు. దాని లెక్కలో మొదటి మలుపులోనూ పదో ల్యాపులోనూ టైరు ఒకేలా ఉంటుంది.

వేడి సంగతిని ఆటగాడి ముందుకు గట్టిగా తెచ్చింది 1998లో పాపిరస్ సంస్థ విడుదల చేసిన గ్రాండ్ ప్రి లెజెండ్స్ అంటాను. డేవ్ కేమర్ బృందం తయారుచేసిన ఆ ఆటలో 1967 నాటి కార్లు ఉంటాయి. పిట్‌కు వస్తే ఒక్కో టైరుకు లోపలి అంచున, మధ్యలో, బయటి అంచున ఎంత వేడి ఉందో కనిపిస్తుంది. మధ్యలో ఎక్కువుంటే గాలి తగ్గించాలి. లోపలి అంచు మరీ కాగితే చక్రం వాలు సరిచేయాలి. నిజమైన మెకానిక్ చదివే లెక్కను ఇంట్లో కూర్చున్న మనిషి చేతికిచ్చారు! గ్రాఫిక్స్ ఎంత మెరుగైనా, నా దృష్టిలో అంతటి అడుగు మరొకటి పడలేదు.

ఆ తర్వాత ఇటలీకి చెందిన కునోస్ సంస్థ ఆటల్లో పైపొర వేడినీ లోపలి వేడినీ వేరువేరుగా లెక్కకట్టారు. ఒక్కసారి జారితే పైపొర భగ్గుమని వెంటనే చల్లారుతుంది, లోపలి వేడి మాత్రం నిదానంగా ఎక్కి నిదానంగా దిగుతుంది. 2019లో వచ్చిన వాళ్ల అసెట్టో కోర్సా కాంపిటిజియోనేలో, ఇప్పటి వెర్షన్‌లో, పొడి ట్రాక్ మీద పరుగెత్తే జీటీ3 తరగతి రేసు కారు టైర్లను 26, 27 పీఎస్‌ఐల మధ్య నిలపాలని చూస్తారు. గ్యారేజీలో పెట్టే అంకె ఆ గమ్యానికి వేసే అంచనా మాత్రమే.

వైశాఖంలో కోల్‌కతా గది ఉడికిపోతున్నా ఆట దాన్ని పట్టించుకోదు. తెర మీది ఊరి ఎండే దానికి లెక్క. అక్కడి వాతావరణం ఒక్క డిగ్రీ మారితే టైరులో సుమారు 0.1 పీఎస్‌ఐ మారుతుందని ఆటగాళ్ల లెక్క. పొద్దువాలి పది డిగ్రీలు చల్లబడేలా ఉంటే, పిట్‌లో మార్చుకోబోయే టైర్లకు ముందే ఒక పీఎస్‌ఐ ఎక్కువ పెట్టుకుంటారు.