గొలుసు పట్టినవారు, హద్దు పాతినవారు

పొలము గట్లకై తగవులు నేటివి కావు. వేంగీ చాళుక్యుల తామ్రశాసనములు దానభూములకు ఎల్లలు చెప్పునపుడు చెరువును, పుట్టను, చింతచెట్టును పేర్కొనుట కలదు. చింత కూలినను, పుట్ట కరిగినను ఎల్ల యెక్కడనో చెప్పవలసినవారు ఊరి వృద్ధులును కరణమును. హద్దు మనుష్యుల జ్ఞాపకమునందే యుండెను.

1858లో మద్రాసు రాజధానియందు రెవిన్యూ సర్వే క్రమముగా ఆరంభమైన పిమ్మట ఆ జ్ఞాపకము కాగితమున కెక్కసాగెను. కొలతకు సాధనము గంటరు గొలుసు. దాని పొడవు 66 అడుగులు, లింకులు 100. ఒక చదరపు గొలుసు 10 సెంట్లు. 10 చదరపు గొలుసులు ఎకరము. గొలుసునకు ఇద్దరు మనుష్యులు కావలెను. ముందువాని చేత బాణములని పిలుచు పది ఇనుప పుల్లలుండును. అతడు గొలుసు బిగించి, దాని చివర నొక పుల్ల గ్రుచ్చి ముందుకు సాగును. వెనుకవాడు దానిని పెరికి చేతబట్టుకొనును. వెనుకవాని చేతిలో ఎన్ని పుల్లలున్నవో నడచిన గొలుసులన్ని. ఒక పుల్ల పొదలో జారిపోయినచో 66 అడుగులు లెక్క తప్పినట్లే. తరువాత స్థిరపడిన పద్ధతిలో, సర్వేయరు పొలము నడుమ నొక గీత నడిపి, క్రాస్ స్టాఫుతో లంబము చూచి, గట్టు తిరిగిన ప్రతి వంపునకు గల దూరమును లింకులలో వ్రాసికొనెడివాడు. ఎఫ్.ఎం.బి. అని రైతులెల్లరు ఎరిగిన పటములు ఇట్లు పుట్టినవే.

అయినను ఇనుము సయితము సాగును. వాడగా వాడగా కడియములు విచ్చుకొని గొలుసు పెరుగును. నూటికొక లింకు పెరిగిన గొలుసుతో కొలిచిన 5 ఎకరముల చేను కాగితముపై రమారమి 4 ఎకరముల 90 సెంట్లే యగును. పది సెంట్లకు శిస్తు తగ్గినదని రైతు సంతసింపవచ్చును గాని, అమ్మకమునాడు వానికి వెల యెవరిత్తురు? కావుననే గొలుసును సరియైన కొలతతో తరచు పోల్చి చూడవలసివచ్చెడిది.

1897లోను, మరల 1923లోను సర్వే, సరిహద్దుల చట్టములు వచ్చెను. సర్వే ముగిసినట్లు ప్రకటన వెలువడిన మూడు సంవత్సరములలోపల సివిలు కోర్టున దావా వేయవలెననియు, కోర్టు మార్చిననే తప్ప నమోదైన హద్దే ప్రమాణమనియు 1923 నాటి చట్టము నిర్దేశించెను. అక్షరము రాని రైతునకు ఆ కాగితము చదివి చెప్పువా డెవడు? తరచు కరణమే. ఆ కరణము పొరుగు చేనివానికి చుట్టమైనచో, గడువు దాటినదాక రైతునకు సంగతియే తెలియకపోవచ్చును.

కరణముల పదవి 1984లో రద్దయ్యెను. 2020లో ఆంధ్రప్రదేశమునందు పునస్సర్వే ఆరంభమైనపుడు గొలుసునకు మారుగా డ్రోనులును, ఉపగ్రహ సంకేతముల నందుకొను యంత్రములును చేలలోనికి వచ్చెను. యంత్రము కొలుచుటకు ముందు మాత్రము, గట్టు ఇదియేనని చూపుటకు ఇరుగుపొరుగు రైతులు దానిపై వచ్చి నిలువవలసియే యుండెను.