విశాఖ జిల్లాలో తాతముత్తాతల జాడ

అమెరికాలో ఒక పల్లె కౌంటీ కోర్టుకు వెళితే పాత వీలునామాలు, దస్తావేజులు, పెళ్లి రిజిస్టర్లు చాలావరకు ఒక్కచోటే దొరుకుతాయి. విశాఖలో అలా కుదరదు. ఇక్కడ మామూలు మనిషి వంశం గుడి గోడ మీద కొంత, కచేరీ రిజిస్టర్లో కొంత, ఓడ జాబితాలో కొంతగా చెదిరిపోయి ఉంది.

అన్నింటికన్నా పాతవి సింహాచలం శాసనాలు. 11వ శతాబ్ది చివరి నుంచీ దాతల పేర్లు అక్కడ రాతికెక్కాయి. కృష్ణదేవరాయల 1516 నాటి శాసనం అందరికీ తెలుసు. నాకు మాత్రం, అఖండదీపానికి దానమిచ్చి పేరు చెక్కించుకున్న చిన్న దాతల శాసనాలే ఎక్కువ విలువైనవి.

1802 శాశ్వత శిస్తు ఒప్పందం తరువాత రైతు పేరు దొరతనం లెక్కల్లోంచి తప్పుకుంది. జమీందారు పేష్కస్ (ఏటా కట్టే నిర్ణీత శిస్తు) కడితే ఈస్టిండియా కంపెనీకి చాలు, దున్నేవాడెవరో దానికి అనవసరం. ఆ పేర్లు కరణం దగ్గర, జమీందారీ కచేరీల్లో ఉండిపోయాయి. 1869లో కార్మైకేల్ రాసిన జిల్లా మాన్యువల్‌లోనూ, 1907 నాటి ఫ్రాన్సిస్ గెజిటీరులోనూ విజయనగరం, జయపురం రాజుల వంశచరిత్రలు ఉన్నాయి గానీ రైతు ఇంటిపేర్లు లేవు.

ఇనాం భూమి ఉన్న కుటుంబాలకు ఒక దారి ఉంది. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ రిజిస్టర్లలో ఇనాం మొదట ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, అప్పట్లో అనుభవిస్తున్నదెవరు, అతని వయసెంత, మొదటివాడికి ఏమవుతాడు అన్న వివరాలు గడుల్లో కనిపిస్తాయి. ఒక్క వరుస చదివితే రెండుమూడు తరాలు తెలిసిపోతాయి. మిగతా రైతులకు మాత్రం 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాతి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అనే భూమి రిజిస్టరే పెద్ద ఆధారం. పాత అడంగళ్లు చూసేవాళ్లు ఫసలీకి (శిస్తు లెక్కల సంవత్సరానికి) 590 కలుపుకోవాలి: ఫసలీ 1358 అంటే 1948 జూలైలో మొదలైన ఏడాది.

నన్ను కలచివేసేది ఒకటుంది. సొంత జిల్లాలో ఎవరూ రాసుకోని కూలీ, ఓడ ఎక్కగానే కాగితానికెక్కాడు. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నాటల్ చెరకుతోటలకు వెళ్లినవాళ్ల జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఒంటి మీద మచ్చ కూడా రాశారు. దక్షిణాఫ్రికా తెలుగువాళ్లు తమ పూర్వీకుల ఊరిని వెతుక్కుంటున్నది ఆ గడుల్లోనే. ఊరు దొరికినా జిల్లా మారిపోయి ఉండవచ్చు. పాత విశాఖ జిల్లా నుంచి కోరాపుట్ 1936లో ఒడిశాకు వెళ్లింది, శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో, అనకాపల్లి 2022లో వేరు జిల్లాలయ్యాయి.

కొన్నిచోట్ల జిల్లా మారడమే కాదు, ఊరే ఖాళీ అయింది. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీకి 1971లో శంకుస్థాపన జరిగింది. భూములిచ్చిన నిర్వాసిత కుటుంబాలకు ఆర్-కార్డులు (పునరావాస కార్డులు) ఇచ్చారు. ఉద్యోగం కోసం పుట్టిన ఆ కార్డును ఇంటి పెద్దలు భద్రంగా దాచారు, ఇప్పటికీ వారసులు దాన్నే చూపిస్తారు. ఎవరి కుటుంబం ఏ ఊరిదో చెప్పే కాగితం చాలా ఇళ్లలో అదే. అందులోని ఊరి పేరు ఇప్పటి మ్యాపులో కనిపించకపోతే 1961 జిల్లా జనగణన పుస్తకం తీయాలి. ఖాళీ కాకముందు నాటి ఊళ్ల పేర్లు, జనాభా అందులో ఉన్నాయి.