రాతికెక్కిన రాజవాక్కు

కొండవీడన్నంతనే మనకు గిరిదుర్గము, రెడ్డిరాజుల పరాక్రమము, శ్రీనాథుని కవిత్వము స్ఫురించును. ఆ రాజులు సముద్రతీరమున నిలిపిన ఒక శాసనమును మాత్రము మనము అంతగా ముచ్చటించుకొనము. అది విజయమును చాటునది కాదు. రాజు తన చేతిని తానే కట్టుకొనిన మాట.

ధర్మమును వ్రాసిపెట్టవలసిన అగత్యమేమి? రోము చరిత్ర దీనికి సమాధానము చెప్పుచున్నది. అచ్చట తొలుత న్యాయము కులీనుల నోటనే యుండెడిది. సామాన్యజనులు చిరకాలము పోరాడిన మీదట, క్రీ.పూ. 451-450లో పదిమంది పెద్దలు ద్వాదశ ఫలకముల శాసనమును కూర్చిరి. దానిని నగరమధ్యమున అందరును చూచునట్లు నిలిపిరి. అందలి విధులన్నియు దయగలవి కావు. ఋణము తీర్చలేనివానిని ఋణదాత బంధింపవచ్చును. అయినను తీర్పు పిదప 30 దినముల గడువీయవలెను. ఆ గడువు వ్రాతలో నుండుటచే బలవంతునకు ఒక హద్దేర్పడినది.

ఇట్టి హద్దే మన తీరమునను వెలసినది. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి ఆనాడు పేరుగన్న రేవు. గాలివానకు పగిలి ఒడ్డునబడిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వరాజులు బలిమిని గైకొనుచుండిరి. 1244 ప్రాంతమున కాకతీయ గణపతిదేవుడు ఆ దురాచారమును మాన్పెను. నిర్ణీతసుంకము తప్ప మరేమియు కొననని, సరకు ఎగుమతి దిగుమతులపై అది 30 పాళ్లలో ఒక పాలని రాతిస్తంభముపై చెక్కించెను. ఇదియే మోటుపల్లి అభయశాసనము. పరదేశి వర్తకునకు ఇచ్చట బంధువులు లేరు, పలుకుబడి లేదు. సుంకరి అధికముగ అడిగినచో చూపుటకు ఆ రాయి యొక్కటే అతనికి దిక్కు.

1323లో ఓరుగల్లు పడిపోయెను. రాయి నిలిచెను గాని, దానిపై మాటను చెల్లించు ప్రభువు లేకపోయెను. అందువలన 1358లో కొండవీటి ప్రభువు అనవోతారెడ్డి మోటుపల్లిలో వర్తకులకు మరల అభయమీయవలసి వచ్చెను. వచ్చినవారు స్వేచ్ఛగా నిలువవచ్చును, తమ సరకు అమ్ముకొనవచ్చును, వలసినప్పుడు మరలిపోవచ్చును. సంతులేక మరణించినవాని సొత్తును రాజు హరింపడు.

వర్తకులు రానిదే రేవు లేదు, రేవు లేనిదే సుంకము లేదు. కావున ఈ అభయమున రాజునకును లాభము కలదు. అంతమాత్రమున దాని విలువ తగ్గదని మా తలంపు. ధర్మమును వ్రాయించుట ఒక తరము పని. దానిని చెల్లించుట ప్రతి తరమును మరల పూనవలసిన పని. కొండవీటి ప్రభువులు ఆ రెండవ పనికి పూనుకొనిరి.