వైద్య శిక్షణము - పరిహాసము



వైద్యుని యముని తోబుట్టువుగా నెంచి నవ్వు చాటువులు మన దేశమున చిరకాలముగా నున్నవి. ఆ పరిహాసము రోగి పక్షమున పుట్టినది. వైద్యము నేర్చుకొను పిన్నవాడే తన పాట్లను దలచి నవ్వుచు వ్రాయుట మాత్రము క్రొత్త. ఆ నవ్వు వెనుకనున్న చరిత్రను నేడు కొంత విన్నవించెదను.

విశాఖపట్టణమున 1923వ సంవత్సరమున వైద్య కళాశాల వెలసినది. మహారాణిపేటలోని కింగ్ జార్జి ఆసుపత్రి దానికి శిక్షణశాల. మన్యపు కొండలనుండియు, శ్రీకాకుళము, విజయనగరము సీమలనుండియు, ఒడిశానుండియు రోగులు అచ్చటికి వత్తురు. విద్యార్థి నాలుగున్నర యేండ్లు చదివి, పిదప ఒక యేడు హౌస్ సర్జనుగా పనిచేయవలెను. గ్రంథములో రోగములు అధ్యాయముల వారీగా వచ్చును. ఆసుపత్రి వాకిట పాముకాటు, పక్షవాతము, ప్రసవవేదన ఒక్క రాత్రియే కూడి వచ్చును.

శిక్షణలోనున్న వైద్యుడు ఆసుపత్రిలోనే కాపురముండి రేయింబవళ్లు పనిచేయు పద్ధతిని 1889 ప్రాంతమున అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుడు స్థిరపరచెను. ఆయన మహానిపుణుడే. కాని కొకెయిను మందును తనపై పరీక్షించుకొని, దానికి బానిసయై బాధపడినవాడు. అలుపెరుగని శిష్యుని కోరిన గురువే తన దేహమును నిలుపుకొనలేకపోవుట విచారింపదగిన విషయము.

1978లో శామ్యూల్ షెమ్ అను కలముపేరుతో ఒక అమెరికా వైద్యుడు 'ది హౌస్ ఆఫ్ గాడ్' అను నవలను ప్రకటించెను. దయతో వచ్చిన యువవైద్యుడు నిద్రలేమిచే క్రమముగా రోగిని బరువుగా నెంచుటయు, వేరొక వార్డుకు నెట్టివేయ జూచుటయు అందు హాస్యముగా చెప్పబడినవి. నగుచుండగనే వారిలో నొకడు ఆత్మహత్య చేసికొనును. పెద్ద వైద్యులు కొందరు ఆగ్రహించిరి; పిన్నలు చేతినుండి చేతికి అందించుకొని చదివిరి. మన తెలుగున స్వయముగా వైద్యులైన కొమ్మూరి వేణుగోపాలరావుగారు 'హౌస్ సర్జన్' అను నవలలో ఈ జీవితమునే చిత్రించిరి.

ఇది కథలతో ముగియలేదు. 1984లో న్యూయార్కున ఆసుపత్రిలో చేరిన 18 యేండ్ల యువతి తెల్లవారునప్పటికి మరణించెను. ఆమెను చూచినవారు అలసిన శిక్షణ వైద్యులు. ఆ వివాద ఫలముగా 1989లో ఆ రాష్ట్రమున వారానికి 80 గంటల పరిమితి యేర్పడినది. మన కేంద్ర ప్రభుత్వము 1992లో రెసిడెంటు వైద్యులకు సామాన్యముగా వారానికి 48 గంటలు, ఒక్కమారు 12 గంటలు మించరాదని ఆదేశించినది. కార్మికునికి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము నిర్ణయించినదియు ఆ 48 గంటలే. కార్మికునికి దక్కిన మాట వైద్యుని చేరుటకు 44 సంవత్సరములు పట్టినది. చేరిన పిదపనైనను అది పెక్కుచోట్ల కాగితమునందే నిలిచినది.

విశాఖ ఉక్కు కర్మాగారమును చూచినవారు మీలో నుందురు. కొలిమి ఆరరాదు. అందుచేతనే దానియొద్ద మనుష్యుడు వంతువంతుకు మారును. రోగమునకును విరామము లేదు. కాని ఆసుపత్రిలో మనుష్యుడు మారక, నిన్నటివాడే నేడును నిలిచియుండును. ఇనుమునకు తగిన వివేకము ప్రాణమునకు తగదా?

కావున అర్ధరాత్రి మీ బిడ్డను ఆసుపత్రికి గొనిపోయినప్పుడు, ఎఱ్ఱబడిన కన్నులతో పరుషముగా పలికిన పిల్లవానిపై చేయి ఎత్తకుడు. అతడును ఏదియో పల్లెనుండి వచ్చిన బిడ్డయే కావచ్చును. అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు: "నాయనా, నీ వంతు ఎప్పుడు ముగిసినది?" అతనికి జవాబు తోచనిచో, ఆ ప్రశ్నను పాలకులను అడుగుడు. మీ గ్రామము పక్షమున, మీ రోగి పక్షమున అడుగుడు.