భిలాయి వార్డు రిజర్వేషన్లు: ఊరికంటే ముందే పుట్టిన తేదీ

భిలాయి నగరపాలక సంస్థలో షెడ్యూల్డ్ కులాలకు కేటాయించిన వార్డు నుంచి పోటీ చేయదలచిన అభ్యర్థి, ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర అధికారి జారీచేసిన కుల ధ్రువీకరణ పత్రాన్ని కలిగి ఉండాలి. ఆ పత్రం పొందాలంటే అభ్యర్థి పూర్వులు 1950 ఆగస్టు 10వ తేదీ నాటికే ఈ రాష్ట్ర భూభాగంలో నివసించినట్లు రుజువు కావాలి. భిలాయిలో ఉక్కు కర్మాగారం నిర్మించేందుకు భారత, సోవియట్ ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నది 1955 ఫిబ్రవరి 2న. మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించినది 1959 ఫిబ్రవరి 4న. అంటే ఈ ఉక్కునగరం పుట్టకముందే దాని వాకిట ఆ తేదీ నిలిచి ఉంది. కర్మాగారం పిలుపు అందుకుని వచ్చిన దళిత కుటుంబాలలో ఏ ఒక్కటీ దానిని దాటగలిగే అవకాశం లేదు.

ఇలా వచ్చినవారిలో తెలుగువారి సంఖ్య గణనీయమైనది. విజయనగరం నుంచి రాయపూర్‌కు అప్పటికే రైలు మార్గం ఉండటం వల్ల ఉత్తరాంధ్ర నుంచి భిలాయి చేరడం కష్టం కాలేదు. కొందరు కర్మాగారంలో స్థిరపడ్డారు. మరికొందరు చరోదా ప్రాంతంలోని మార్షలింగ్ యార్డు చుట్టూ రైల్వే ఉద్యోగులుగా నిలిచిపోయారు. ఆ కుటుంబాలలో నేడు మూడవ, నాల్గవ తరం నడుస్తున్నది. పిల్లలు హిందీ మాధ్యమంలోనో, ఆంగ్ల మాధ్యమంలోనో చదువుకున్నారు. ఓటు ఇక్కడే, రేషన్ కార్డు ఇక్కడే. కులం మాత్రం, చట్టం దృష్టిలో, శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉండిపోయింది.

దీనికి మూలం రాజ్యాంగంలోని 341, 342 అధికరణాలు. ఏయే కులాలను, తెగలను షెడ్యూలులో చేర్చాలో రాష్ట్రపతి నోటిఫై చేస్తారు. ఆ గుర్తింపు ఆయా రాష్ట్రానికి సంబంధించినంతవరకే వర్తిస్తుంది. ఆ ప్రకారమే షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు 1950 ఆగస్టు 10న, షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వు అదే సంవత్సరం సెప్టెంబరు 6న వెలువడ్డాయి. ఒక కులం అంటరానితనాన్ని ఏ ప్రాంతంలో ఎంత తీవ్రంగా అనుభవించిందన్నది స్థానిక పరిస్థితులపై ఆధారపడుతుందనీ, కాబట్టి జాబితా కూడా స్థానికంగానే ఉండాలనీ రాజ్యాంగ నిర్మాతలు భావించారు. మాల, మాదిగ కులాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జాబితాలలో ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్ జాబితాలో ఆ పేర్లు లేవు. పేరు రెండుచోట్లా ఉన్నా ఫలితం మారదు. కోయ తెగ ఇటు తెలుగు రాష్ట్రాలలోనూ, అటు ఛత్తీస్‌గఢ్‌లో గోండు తెగ కింద కూడా షెడ్యూలులో ఉంది. అయినప్పటికీ 1950 తరువాత గోదావరి తీరం నుంచి భిలాయికి వచ్చిన కోయ కుటుంబానికి ఇక్కడి షెడ్యూల్డ్ తెగ హోదా రాదు.

ఈ సూత్రాన్ని సర్వోన్నత న్యాయస్థానం ఖరారు చేసిన తొలి ప్రధాన వ్యాజ్యం ఒక తెలుగు విద్యార్థిదే కావడం గమనార్హం. మర్రి చంద్రశేఖరరావు తెనాలిలో జన్మించాడు. ఆయన తండ్రి ఆంధ్రప్రదేశ్‌లో పొందిన షెడ్యూల్డ్ తెగ ధ్రువీకరణ పత్రంతో ప్రభుత్వరంగ ఎరువుల సంస్థలో రిజర్వుడు ఉద్యోగం సంపాదించి బొంబాయి చేరారు. తొమ్మిదేళ్ల వయసు నుంచి బొంబాయిలోనే పెరిగిన కుమారుడు అక్కడి వైద్య కళాశాలలో అదే కోటా కింద సీటు కోరితే తిరస్కరించారు. 1990లో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తిరస్కరణను సమర్థించింది. అయితే స్వచ్ఛందంగా కాక, ఉద్యోగం వంటి అనివార్య కారణాల వల్ల రాష్ట్రం మారినవారి విషయంలో చట్టసభలు తగిన రక్షణ ఆలోచించాలని కూడా న్యాయస్థానం అభిప్రాయపడింది. ఆ సూచనను చట్టసభలు ఇంతవరకు అందుకోలేదు. 2018 ఆగస్టులో బీర్ సింగ్ వ్యాజ్యంలో మరొక రాజ్యాంగ ధర్మాసనం రాష్ట్ర ఉద్యోగాల విషయంలోనూ ఇదే సూత్రాన్ని పునరుద్ఘాటించింది.

బొంబాయి కుటుంబం కథకూ భిలాయి కుటుంబాల కథకూ పోలిక స్పష్టం. ఉక్కు కర్మాగారం కేంద్ర ప్రభుత్వరంగ సంస్థ. అఖిల భారత స్థాయి నియామకాలలో స్వరాష్ట్రం ఇచ్చిన కుల పత్రం చెల్లుతుంది. కనుక ఆంధ్ర తహసీల్దారు సంతకంతో తండ్రి కర్మాగారంలో రిజర్వుడు ఉద్యోగి కాగలిగాడు. అదే ఇంటి కుమార్తె రాష్ట్ర ప్రభుత్వ ఉపాధ్యాయ పోస్టుకు గాని, తమ వీధికి చెందిన రిజర్వుడు వార్డుకు గాని దరఖాస్తు చేస్తే ఆమె సాధారణ వర్గానికి చెందిన వ్యక్తి. కర్మాగారం గేటు లోపల ఒక హోదా, వెలుపల మరొక హోదా.

నగరపాలక సంస్థల్లో సీట్ల కేటాయింపు 74వ రాజ్యాంగ సవరణతో తప్పనిసరి అయింది. 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ సవరణ ప్రకారం, 243-టి అధికరణం కింద షెడ్యూల్డ్ కులాలకు, తెగలకు జనాభా నిష్పత్తిలో వార్డులు కేటాయించాలి. మొత్తం వార్డులలో కనీసం మూడింట ఒక వంతు మహిళలకు దక్కాలి. ఇతర వెనుకబడిన తరగతుల విషయం రాష్ట్ర శాసనసభ విచక్షణకు వదిలారు. పారిశ్రామిక సంస్థే పౌరసేవలు అందించే ప్రాంతాన్ని పారిశ్రామిక పట్టణంగా ప్రకటించి, ఎన్నికైన పాలక మండలి లేకుండానే నడిపే వెసులుబాటు కూడా రాజ్యాంగంలో ఉంది. భిలాయిలో ఆ మార్గం అనుసరించలేదు. 1990ల చివర నగరపాలక సంస్థ ఏర్పడింది. టౌన్‌షిప్ క్వార్టర్ల నిర్వహణ కర్మాగార నగరసేవల విభాగం చూస్తున్నా, అక్కడి నివాసులూ కార్పొరేటర్లను ఎన్నుకుంటారు. రిసాలి ప్రాంతాన్ని తరువాత ప్రత్యేక నగరపాలక సంస్థగా విడదీశారు. 2021 డిసెంబరులో భిలాయిలో 70 వార్డులకు, రిసాలిలో 40 వార్డులకు ఎన్నికలు జరిగాయి.

ఇక్కడ జనాభా లెక్కలు మరొక చిక్కును తెచ్చిపెడుతున్నాయి. జనగణనలో ఒక వ్యక్తిని షెడ్యూల్డ్ కులం కింద నమోదు చేయాలంటే ఆ కులం పేరు, లెక్కించే రాష్ట్రపు జాబితాలో ఉండాలి. భిలాయిలోని మాల, మాదిగ కుటుంబాలు ఈ లెక్కన షెడ్యూల్డ్ కులాల గణాంకాలలో కనిపించవు. వార్డుల సంఖ్య నిర్ణయించేటప్పుడు వారు లేనట్లే. పేరు రెండు రాష్ట్రాలలోనూ ఉన్న కులాలవారి పరిస్థితి ఇందుకు విరుద్ధం. గణకుడు పత్రం అడగడు కాబట్టి వారు లెక్కలోకి వస్తారు, రిజర్వుడు స్థానాల సంఖ్య పెరగడానికి వారి తలలూ తోడ్పడతాయి, కాని ఆ స్థానాలలో నిలబడే అర్హత వారికి ఉండదు.

ఇతర వెనుకబడిన తరగతులకు వర్తించే తేదీ 1984 డిసెంబరు 26. రాంజీ మహాజన్ కమిషన్ సిఫారసుల మీదట నాటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఓబీసీ జాబితా ప్రకటించిన రోజు అది. 2000 నవంబరు 1న ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ దానినే కొనసాగించింది. దాని పర్యవసానం విచిత్రమైనది. ఒకే రైలులో 1960లో భిలాయి వచ్చిన ఇద్దరు తెలుగు కార్మికులలో వెనుకబడిన కులానికి చెందినవారి మనుమడికి, కులం పేరు రాష్ట్ర జాబితాలో ఉన్నట్లయితే, వార్డు రిజర్వేషన్ అందుబాటులో ఉంటుంది. దళితుని మనుమడికి ఉండదు. సామాజికంగా ఎవరు ఎక్కువ అణచివేతకు గురయ్యారన్న ప్రశ్నకు ఈ రెండు తేదీల వద్ద జవాబు తలకిందులవుతున్నది.

అయినప్పటికీ ఈ నిబంధనను కేవలం వలసదారులకు జరిగిన అన్యాయంగా చూడటం సగం చిత్రమే అవుతుంది. కర్మాగారం కోసం భూములు కోల్పోయినది చుట్టుపక్కల ఛత్తీస్‌గఢీ గ్రామాలు. ఆ గ్రామాలలో సత్నామీలు ప్రధాన దళిత సమూహం. స్థిరమైన కర్మాగార ఉద్యోగాలలో తొలి దశాబ్దాలలో బయటి రాష్ట్రాలవారిదే పైచేయి అయింది. ఉక్కునగర శ్రామికులపై దీర్ఘకాలం క్షేత్ర పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ 2020లో వెలువరించిన గ్రంథంలో స్థానికులకూ, వలస వచ్చినవారికీ మధ్య గల ఈ దూరాన్ని విపులంగా చర్చించారు. ఉద్యోగాలు ఇదివరకే పంచుకున్నవారు మిగిలిన కొద్ది వార్డులలోనూ వాటా కోరడం సమంజసమా అన్న స్థానిక దళితుల ప్రశ్నను కొట్టివేయడం సాధ్యం కాదు.

పైగా ఆ తేదీ స్థానికులనూ వదలలేదు. భూమిలేని సత్నామీ, గోండు కుటుంబాలకు 1950 నాటి నివాసం రుజువు చేయడం సులభం కాదు. సాధారణంగా అడిగేవి రెండు: బందోబస్తు కాలపు భూమి రికార్డు, దీనినే అక్కడ మిసల్ అంటారు, లేదా తాత, తండ్రులు చదివిన పాఠశాల ప్రవేశ రిజిస్టరు. భూమీ బడీ లేని వంశానికి ఈ రెండూ ఉండవు. ఈ ఇబ్బంది తొలగించేందుకే రాష్ట్రం 2013లో సామాజిక హోదా ధ్రువీకరణ చట్టం తెచ్చింది. పత్రాలు లేనప్పుడు కులాన్ని, నివాసాన్ని ధ్రువపరిచే గ్రామసభ తీర్మానాన్ని ఆధారంగా స్వీకరించే అవకాశం దానితో ఏర్పడింది. పత్రం అందనివారికి స్థానిక సభే సాక్షిగా నిలిచే ఈ ఏర్పాటు మేలైనదే గాని, దాని వల్ల తేదీ మారదు.

జాబితాను మార్చే అధికారం రాష్ట్రానికి గాని, నగరపాలక సభకు గాని లేదు. రాష్ట్రపతి ఉత్తర్వులో ఒక పేరు చేర్చాలన్నా, తొలగించాలన్నా పార్లమెంటు చట్టం చేయవలసిందే. 2023లో ఛత్తీస్‌గఢ్ షెడ్యూల్డ్ కులాల జాబితాలో మహర్, మెహ్రా కులాలకు పర్యాయపదాలుగా మహారా, మహ్రా పేర్లను ఈ పద్ధతిలోనే చేర్చారు. ఉచ్చారణలో స్వల్ప భేదం వల్ల తరాలుగా హోదా కోల్పోయిన స్థానిక కుటుంబాలకు అది ఊరట. వలస వచ్చిన కులాల పేర్లు చేర్చడం ఇంతకంటే క్లిష్టమైన వ్యవహారం. పేరు చేరినా నివాస తేదీ నిబంధన అలాగే ఉంటుంది.

ప్రస్తుతానికి భిలాయిలోని తెలుగు దళిత అభ్యర్థులకు తెరిచి ఉన్నవి సాధారణ వార్డులే. తదుపరి జనగణనకు కేంద్రం 2027 మార్చి 1ని ఆధారతేదీగా ప్రకటించింది. అందులో అన్ని కులాల వివరాలూ నమోదు కానున్నాయి. షెడ్యూలులో లేనందున ఇంతకాలం ‘ఇతరులు’గా మిగిలిన భిలాయి మాల, మాదిగ కుటుంబాలకు తమ కులం పేరు లెక్కలోకి ఎక్కే అవకాశం అప్పుడు వస్తుంది.