జొన్నరొట్టె, రెండు రూపాయల బియ్యం: కంచంలోకి ఏం రావాలో ఎవరు తేల్చారు?

ఇంటిల్లిపాదికీ ఆరోగ్యాన్నిచ్చేదీ, ఇంకొకరి పొట్ట కొట్టనిదీ ఎంచుకుని తినమని ఇప్పుడు డాక్టర్లు, పత్రికలు, టీవీలు అందరూ చెబుతున్నారు. మంచి మాటే, కాదనం. అయితే ‘ఎంచుకోవటం’ అనే మాట దగ్గరే మా పేచీ. మాల మాదిగ వాడల్లో ఒక తల్లి తన పిల్లల కంచంలో ఏం పెట్టాలో తానే తేల్చుకున్న రోజులెన్ని? కూలి కింద ఏ గింజ కొలిస్తే ఆ గింజే ఆ పూట పొయ్యి మీదికెక్కింది. ఈ సంగతిని పాత మెదక్ జిల్లా జహీరాబాద్ ప్రాంతం చరిత్రలోంచి చూద్దాం.

ఇది ఎక్కువగా వానమీద ఆధారపడిన మెట్ట నేల. జొన్న, సజ్జ, కొర్ర, కంది ఒకే చేలో కలిపి వేసేవాళ్ళు. రొట్టె, గటక, అంబలి రోజువారీ తిండి. నీళ్ళున్న చోట తరి పొలం దొరలది, పటేండ్లది. నాటేది, కలుపు తీసేది, కోసేది మా వాడల ఆడోళ్ళు. బువ్వ మాత్రం పండుగకో పబ్బానికో దొరికేది. అన్నం తినటం అంతస్తుకు గుర్తయింది. జొన్న ‘ముతక’దయింది, దాన్ని తినే మనుషులు కూడా ముతకోళ్ళే అయ్యారు.

చచ్చిన పశువును ఊరి బయటికి ఈడ్చేయటం కులం నెత్తిన పెట్టిన వెట్టి. దాని మాంసం తినటం ఆకలి చేయించిన పని. 1927 మార్చిలో మహద్ సభలో అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసాన్నీ, ఇతరులు పారేసిన ఎంగిలి మెతుకుల్నీ మానుకోమని పిలుపిచ్చాడు. తిండిలో నీతి గురించి ఈ దేశంలో రాసే చాలామంది ఆ సభను లెక్కలోకి తీసుకోరు. కడుపు కాలుతున్న మనుషులు ఆత్మగౌరవం కోసం ఒక తిండిని వద్దనుకోవటం నైతిక నిర్ణయం కాకపోతే మరేమిటి? ఇక్కడ ఒక తేడా గమనించాలి. చచ్చిన గొడ్డును మానటం వేరు, పశుమాంసాన్నే పాపమనుకోవటం వేరు. గొడ్డుమాంసానికీ అంటరానితనానికీ ఉన్న ముడిని అంబేద్కరే 1948లో అచ్చయిన అంటరానివారి గ్రంథంలో విప్పి చూపాడు. రెంటినీ కలగాపులగం చేసి, పేదల ఇంట్లో చవకగా దొరికే మాంసకృత్తుల మీద నిషేధం పెట్టేవాళ్ళకి ఆరోగ్యం గురించి మాట్లాడే హక్కెక్కడిది? 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో పెద్దకూర పండుగ మీద దాడి జరిగినప్పుడు కూడా తేలాల్సిన ప్రశ్న ఇదే.

మళ్ళీ జొన్న దగ్గరికొద్దాం. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. దళితవాడలు దాన్ని సంబరంగా అందుకున్నాయి. దొర గింజ మీద ఆధారపడటం కొంత తగ్గింది, రోజూ అన్నం తినటమంటే ఊరోళ్ళతో సమానంగా కూచోవటం. ఈ సంబరాన్ని వెక్కిరించే పర్యావరణవాదులతో మాకు ఏకీభావం లేదు. జొన్నని దేవతను చేసేవాళ్ళు ఇంకో సంగతీ తెలుసుకోవాలి. హైదరాబాద్ పోషకాహార పరిశోధకులు గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో జొన్న తిండికీ పెల్లాగ్రా జబ్బుకీ ఉన్న సంబంధాన్ని బయటపెట్టారు. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగిలిపోయే జబ్బు అది. పప్పు, పాలు, మాంసం అందక ఒట్టి జొన్నతోనే బతికే పేదల్లో కనబడేది. అంటే తప్పు గింజది కాదు, ఆ గింజ పక్కన ఇంకేమీ లేకపోవటానిది.

కానీ బియ్యం వచ్చాక పోయిందేమిటో కూడా చెప్పాలి. సర్కారు వడ్లు కొన్నది గానీ మెట్ట గింజల్ని ఆ స్థాయిలో కొనలేదు. దళితులకు పట్టాలిచ్చిన భూముల్లో చాలావరకు రాళ్ళూ రప్పలే. వాటిని సాగు చేయటానికి అప్పు పుట్టదు, పండించినా కొనే దిక్కు లేదు. రేషన్ బియ్యం నెల పొడుగునా చాలదు, చేను బీడు పడింది. చేనుతో పాటు జొన్నచొప్ప పోయింది, దాంతో గొడ్డు పోయింది, పెంట పోయింది. విత్తకుండానే చేలో మొలిచే దొగ్గలికూర, తుమ్మికూర, గునుగు, పొన్నగంటి, గంగవాయిలి కూడా పోయాయి. వ్యవసాయ శాఖ వీటిని కలుపు అంటుంది. మా అమ్మలు కూర అన్నారు. పైసా ఖర్చు లేకుండా పిల్లల ఒంటికి పట్టే ఆకుకూరలవి. తైదల సంగతీ ఇంతే. వంద గ్రాముల తైదల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పాలిష్ పట్టిన బియ్యంలో పది దాకా ఉంటే గొప్ప.

ఈ నష్టాన్ని మొదట లెక్కగట్టింది శాస్త్రవేత్తలు కాదు, పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్ళ దళిత ఆడోళ్ళు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలుగా కలిసిన ఈ ఆడోళ్ళు 1990ల నడుమ సొంత రేషన్ పద్ధతి మొదలుపెట్టారు. బీడు పడ్డ భూముల్ని దున్నటానికి, ఎరువుకి, విత్తనానికి సంఘం అప్పిచ్చేది. ఆ అప్పుని డబ్బుగా కాక జొన్నల రూపంలో తీర్చాలి. ఆ జొన్నలు ఊళ్ళోనే నిలవ ఉంచి, కరువు నెలల్లో బీద ఇండ్లకు చవగ్గా అమ్మేవాళ్ళు. ఎవరు బీద అన్నది మండలాఫీసు తేల్చలేదు. నేల మీద ముగ్గుతో ఊరి పటం గీసి, ఒక్కో ఇల్లు చూపించుకుంటూ, ఈ ఇంట్లో భూమి ఎంత, పని చేసే చేతులెన్ని అని బహిరంగంగా మాట్లాడుకుని తేల్చారు. కటిక బీదలకు ఎక్కువ జొన్నలు. విత్తనాన్ని కూడా ఆడోళ్ళే బూడిద, వేపాకు కలిపి దాచారు. ఈ సంఘాల పనికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

దళిత ఉద్యమం పెద్దకూర గురించి సభల్లో గట్టిగా మాట్లాడింది, అవసరమే. రొట్టె గురించి, విత్తనం గురించి, ఇంట్లో అందరూ తిన్నాక మిగిలిందే తినే ఆడమనిషి గురించి అంత గట్టిగా మాట్లాడలేదు. వేదికల మీద మగవాళ్ళే ఎక్కువ కూచోవటం దానికి ఒక కారణమని మా అభిప్రాయం.

2013 ఆహార భద్రతా చట్టం బియ్యం మూడు, గోధుమ రెండు, ముతక ధాన్యాలు ఒక రూపాయికి కిలో అని రాసింది. చట్టం భాషలో కూడా అవి ముతకే! 2023 జనవరి నుంచి ఆ గింజలు ఉచితమన్నారు. మన రేషన్ దుకాణాల్లో దొరికేది మాత్రం ప్రధానంగా బియ్యమే. అదే 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రపంచమంతా జరుపుకుంది. ముతక గింజ పేరు మార్చుకుని, అందమైన సంచీలో పట్నం దుకాణాలకెక్కి, షుగరు జబ్బున్న ఉద్యోగస్తుల ఇండ్లకు చేరింది. మా వాడల్లో కూడా షుగరు వచ్చింది, సంచీ రాలేదు. అంగన్‌వాడీల్లో గర్భిణీలకు పూట భోజనం పెట్టే ఆరోగ్యలక్ష్మి పథకం తెలంగాణలో 2015 జనవరిలో మొదలైంది. అన్నం, పప్పు, గుడ్డు, పాలు ఉన్నాయి, మంచిదే. ఆ అన్నం పక్కన ఒక రొట్టె పెట్టి, ఆ జొన్నల్ని అదే ఊరి అసైన్డ్ భూముల దళిత ఆడోళ్ళ దగ్గర మద్దతు ధరకు కొనటానికి సర్కారుకు అడ్డమేమిటి? ఈ ప్రశ్నని సంఘాలు, టీచర్లు, విద్యార్థులు తమ తమ ఊళ్ళ అంగన్‌వాడీల దగ్గర అడగాలి. వారం పట్టికలో ఏముందో, ఆ గింజ ఎక్కడి నుంచి వస్తుందో రాసుకుని రావాలి.